కదలని పుటలు, కదిలే పునాదులు

విదేశాలలోని తెలుగు సంఘాల చరిత్ర ఒకప్పుడు ఎవరో ఒక కార్యదర్శి గారి గరాజులో, అట్టపెట్టెల నిండా ఉండేది. సభ్యుల చిరునామాలు, పిల్లల నాటకాల ఛాయాచిత్రాలు, పంచగా మిగిలిన సావనీర్లు, జమాఖర్చుల కాగితాలు అన్నీ అందులోనే. ఇప్పుడు ఆ చరిత్రలో చాలా భాగం వెబ్‌సైట్లలోకి చేరుకున్నది. అట్టపెట్టెకు తేమ తగిలితే చెద పడుతుందని అందరికీ తెలుసు. వెబ్‌సైటుకు పట్టే చెద ఎటువంటిదో తెలిసినవారు తక్కువ. ఆ చెద లక్షణమూ, దానికి ఇంజనీర్లు కనిపెట్టిన విరుగుడూ ఈ వ్యాసంలోని విషయం.

ఒక సంఘాన్ని ఊహించుకోండి. ఐదేళ్ల క్రితం, కాలేజీలో చదువుకుంటున్న ఒక సభ్యుల అమ్మాయి వేసవి సెలవుల్లో సంఘానికి ముచ్చటైన వెబ్‌సైటు కట్టి ఇచ్చింది. తరువాత ఆమె ఉద్యోగం దొరికి వేరే ఊరికి వెళ్లిపోయింది. కార్యవర్గం రెండుసార్లు మారింది. ఇప్పుడు చేయవలసిన పని స్వల్పం: కొత్త అధ్యక్షుల పేరు, సంక్రాంతి సంబరాల తేదీ మార్చాలి. కొత్త కార్యదర్శి గారి అబ్బాయి ఆ ఫైళ్లను తన కంప్యూటర్లోకి దించుకుని, రెండు మాటలు మార్చి, సైటును మళ్లీ నిర్మించమని కంప్యూటర్‌ను ఆదేశించాడు. తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి. అతడు మార్చిన రెండు మాటలకూ ఆ అక్షరాలకూ ఏ సంబంధమూ లేదు. మార్చిన మాటలను తీసివేసి చూశాడు, ఫలితం మారలేదు. ఐదేళ్ల క్రితం చక్కగా నడిచిన సైటు, ఎవరూ ముట్టుకోకుండానే నిర్మాణానికి పనికిరాకుండా పోయింది. ముట్టుకోని వస్తువు ఎలా చెడిపోతుంది?

దీనికి సమాధానం తెలియాలంటే ముందుగా వెబ్‌సైట్ల జాతిభేదం తెలియాలి. పాఠకుడు అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు పుటను వండి వడ్డించేవి ఒక రకం. బ్యాంకు ఖాతాలు, విమానం టిక్కెట్ల అమ్మకాలు ఈ కోవలోకి వస్తాయి. ముందుగానే వండి ఉంచి, అడిగిన వారందరికీ అదే పుటను అందించేవి రెండో రకం. వీటిని స్టాటిక్ సైట్లు, అనగా స్థిరమైన సైట్లు అంటారు. సిద్ధాంతి గారి ఇంటికి వెళ్లి తిథి అడిగితే ఆయన గణితం వేసి చెప్పడం మొదటి పద్ధతి. ఆయనే ఏడాదికి సరిపడా గణితం ముందుగా చేసి అచ్చు వేయించిన పంచాంగాన్ని మేకుకు తగిలించుకుని, కావలసినప్పుడు చూసుకోవడం రెండో పద్ధతి. అచ్చయిన పంచాంగానికి సిద్ధాంతి గారు ఊళ్లో లేకపోయినా లోటు రాదు. స్టాటిక్ సైటు కూడా అంతే. దానికి పెద్ద సర్వర్ అక్కరలేదు, డేటాబేసు అక్కరలేదు, దొంగలు దూరడానికి సందులు తక్కువ, ఖర్చు దాదాపు శూన్యం. చందాల మీద బతికే సంఘాలకు ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదు.

నిజానికి ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్‌సైటు కూడా స్టాటిక్ సైటే. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన ఆ సైటు సంగతి 1991 ఆగస్టు 6న బయటి ప్రపంచానికి తెలిసింది. 2013లో సెర్న్ వారు ఆ పుటలను పాత చిరునామాలోనే తిరిగి నిలబెట్టారు. నేటి బ్రౌజర్‌లో కూడా అవి ఇబ్బంది లేకుండా తెరుచుకుంటాయి. అందులో ఉన్నది వట్టి పాఠమూ, కొన్ని లంకెలూ. ఒక మనిషి ఒక ఎడిటర్‌లో టైపు చేసిన అక్షరాలు. వాటి వెనుక మరే సామగ్రీ లేదు కనుక చెదకు అక్కడ తిండి లేదు.

అయితే నూరు పుటలున్న సైటును ఎవరూ చేత్తో రాయరు. ప్రతి పుటకూ తలకట్టు ఒకటే, అడుగున చిరునామా ఒకటే. అధ్యక్షుల పేరు మారితే నూరు చోట్ల దిద్దవలసి వస్తుంది. ఈ చాకిరీ తప్పించడానికి సైటు నిర్మించే ప్రోగ్రాములు పుట్టాయి. గిట్‌హబ్ సంస్థాపకులలో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2008లో రూబీ భాషలో రాసిన జెకిల్ వీటిలో ప్రసిద్ధమైనది. తదనంతరం జావాస్క్రిప్ట్ భాషలోనూ ఇటువంటివి డజన్ల కొద్దీ వచ్చాయి. పాఠాన్ని సాదా ఫైళ్లలో రాసి, తలకట్టును ఒకసారి గీసి ఇస్తే, ఈ ప్రోగ్రాము రెంటినీ కలిపి వందలాది పుటలు తయారుచేసి పెడుతుంది. ఆ పుటలను సర్వర్ మీదికి చేర్చితే పని ముగిసినట్లే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తయారైన పుటలు స్థిరం. తయారుచేసే యంత్రాంగం మాత్రం స్థిరం కాదు. పంచాంగం అచ్చయ్యాక మారదు కానీ, దాని వెనుక ఉన్న గణితం దృక్సిద్ధాంతమా సూర్యసిద్ధాంతమా అన్నదాన్ని బట్టి ఏకాదశి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. గుంటూరు సూర్యోదయానికి కట్టినదా, చికాగో సూర్యోదయానికి కట్టినదా అన్నదాన్ని బట్టి పండుగ తేదీయే మారుతుంది. విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ తగవు ప్రతి ఏడూ అనుభవమే. పుట ఒకటే అయినా పునాది మారితే ఫలితం మారుతుంది.

సైటు నిర్మించే ప్రోగ్రాము ఒంటరిగా పనిచేయదు. తేదీని చక్కగా అమర్చేది ఒకరు రాసినది, బొమ్మలను చిన్నవి చేసేది మరొకరు రాసినది, రంగులు దిద్దేది ఇంకొకరిది. ఇలా ఒక చిన్న పనిని చేసి పెట్టే తయారు సరుకును ప్యాకేజీ అంటారు. ఒక ప్యాకేజీ మరికొన్నింటి మీద, అవి మరికొన్నింటి మీద ఆధారపడతాయి. సైటు కట్టిన అమ్మాయి స్వయంగా కోరినవి పదో పన్నెండో ఉండవచ్చు. వాటి వెంట చుట్టాల చుట్టాలుగా దిగేవి వందల సంఖ్యలో ఉంటాయి. పెళ్లికి పిలిచింది పది ఇళ్లనే అయినా భోజనాల దగ్గర లెక్క తప్పడం వంటిదే ఇది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎం అనే ఉమ్మడి భాండాగారంలో ఉంటాయి. దీనిని ఐజాక్ ష్లూటర్ 2010లో ప్రారంభించారు. అందులో సరుకు పెట్టేవారిలో అత్యధికులు జీతం లేకుండా, తీరిక వేళల్లో పనిచేసే ఔత్సాహికులు. వారు తమ ప్యాకేజీలను ఎప్పటికప్పుడు దిద్దుతూ కొత్త వెర్షన్లు విడుదల చేస్తూనే ఉంటారు. పుస్తకాలకు ద్వితీయ ముద్రణ, తృతీయ ముద్రణ అన్నట్లే.

ఆ వెర్షన్లకు మూడు అంకెలతో పేరు పెట్టడం నేటి సంప్రదాయం. మచ్చుకి 2.4.7. ఈ అంకెలకు అర్థనియమం ఏర్పరచి ప్రచారం చేసినది కూడా జెకిల్ రాసిన ప్రెస్టన్-వెర్నరే. చివరి అంకె పెరిగితే ఏదో తప్పు దిద్దారని అర్థం. మధ్య అంకె పెరిగితే కొత్త సౌకర్యం చేర్చారు, పాతవి చెడలేదని అర్థం. మొదటి అంకె పెరిగితే మాత్రం జాగ్రత్త, పాత అలవాట్లు చెల్లకపోవచ్చు. ఈ నియమాన్ని నమ్మి, ప్రోగ్రామర్లు తమకు కావలసిన ప్యాకేజీల పట్టికలో అంకె ముందు టోపీ వంటి గుర్తు పెడతారు. ^2.4.7 అని రాస్తే ‘2.4.7 గానీ, 3.0.0 రానంతవరకు అంతకన్నా కొత్తది ఏదైనా గానీ’ అని తాత్పర్యం.

అమ్మ ఉత్తరంలో రాసి పంపిన ఆవకాయ కొలతల వంటిది ఈ పట్టిక. ‘ఆవపిండి ఒక గ్లాసు, కారం ఒక గ్లాసు, ఉప్పు చూసుకుని’ అని ఉంటుంది. ఏ గ్లాసు? కారం గుంటూరుదా, ఇక్కడి దుకాణంలో దొరికినదా? ఆవపిండి ఇంట్లో కొట్టినదా, డబ్బాలో కొన్నదా? రాసిన నాడు ఆ ఇంట్లో ఆ గ్లాసు ఒకటే కనుక సందేహం కలగలేదు. పదేళ్ల తరువాత, పదివేల మైళ్ల దూరంలో, అదే ఉత్తరం చూసి కలిపిన ఊరగాయ బూజు పడితే తప్పు ఉత్తరానిది కాదు, కలిపినవారిదీ కాదు. చెప్పకుండా వదిలివేసిన వివరానిది.

మూడో అంకె మారితే భయం లేదన్న నియమం ఎంత నమ్మదగినదో తెలుగువారికి ఒక సందర్భంలో ప్రత్యేకంగా తెలిసివచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లకు తెలుగు అక్షరం ఒకటి వస్తే చాలు, సందేశాల ప్రోగ్రాము కూలిపోతోందన్న వార్త లోకమంతా పాకింది. ఆ అక్షరం ‘జ్ఞా’. జకారం, విరామం, ఞకారం, వాటి తరువాత అక్షరాలను విడదీసే కంటికి కనిపించని గుర్తు ఒకటి, చివర దీర్ఘం: ఈ ఐదు సంకేతాలు ఆ వరుసలో వస్తే అక్షరాన్ని గీసే భాగం తడబడి, ప్రోగ్రాము ఆగిపోయేది. 11.2.5 వెర్షన్‌లో ఈ జబ్బు ఉన్నది. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6లో నయమైంది. మారింది మూడో అంెకే. రాసినవారి పాఠంలో ఏ దోషమూ లేదు. ఒకే సందేశం ఒక ఫోన్లో జ్ఞానం, మరొక ఫోన్లో ప్రాణాంతకం.

వెర్షన్ల ఎంపికలో గణితపరమైన చిక్కు కూడా ఉన్నది. పది ప్యాకేజీలు, ఒక్కొక్కదానికి ఇరవై వెర్షన్లు ఉన్నాయనుకోండి. వాటిని కలపగల విధాలు 10 లక్షల 24 వేల కోట్లు. వాటిలో ఒకదానితో ఒకటి పొసగే కలయికను వెదకాలి. ఒక ప్యాకేజీ ఫలానా గ్రంథం మొదటి ముద్రణే కావాలంటుంది, పక్కది అదే గ్రంథం రెండో ముద్రణ కావాలంటుంది. ఈ వెదుకులాట కంప్యూటర్ శాస్త్రంలో అతి కఠినమైన సమస్యల తరగతికి చెందినదని సిద్ధాంతరీత్యా నిరూపితమైంది. సాధారణ సందర్భాలలో కంప్యూటర్ క్షణాల్లో ఏదో ఒక జవాబు చెబుతుంది. కానీ ఆ జవాబు భాండాగారంలో ఆ రోజు ఏమేమి ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. సోమవారం వచ్చిన జవాబు గురువారం రాకపోవచ్చు. ‘నా కంప్యూటర్లో బాగానే నడిచిందండీ’ అని ప్రోగ్రామర్లు తరచు చెప్పే మాట వట్టి సాకు కాదు. చాలాసార్లు అది అక్షరాలా నిజం.

దీనికి విరుగుడే లాక్ ఫైలు. ఒకసారి కలయిక కుదిరి, సైటు చక్కగా నడిచిన వెంటనే, అప్పుడు వాడిన ప్రతి ప్యాకేజీ వివరాన్నీ కంప్యూటరే ఒక ఫైలులో నమోదు చేస్తుంది. పిలిచిన పది పేర్లే కాదు, వెంట వచ్చిన వందల చుట్టాల పేర్లూ, వారి కచ్చితమైన వెర్షన్ అంకెలూ, ఎక్కడినుంచి తెచ్చిందీ అందులో ఉంటాయి. టోపీ గుర్తులకు అక్కడ తావు లేదు. రూబీ లోకంలో బండ్లర్ అనే సాధనం 2010 నాటికే ఈ పద్ధతిని స్థిరపరచింది. జావాస్క్రిప్ట్ లోకం ఆలస్యంగా మేలుకున్నది. ఫేస్‌బుక్ తదితర సంస్థల ఇంజనీర్లు 2016 అక్టోబరులో యార్న్ అనే సాధనంతో పాటు లాక్ ఫైలును తెచ్చారు. 2017 మేలో ఎన్‌పీఎం ఐదో వెర్షన్ కూడా అదే బాట పట్టింది.

పేరూ అంకే రాసుకుంటే చాలదు. 2.4.7 అన్న పేరుతో రేపు వచ్చే సరుకు నేడు వచ్చినదేనా? దీనికి లాక్ ఫైలులో ప్రతి ప్యాకేజీ పక్కన ఒక వేలిముద్ర ఉంటుంది. ప్యాకేజీలోని అక్షరాలన్నిటినీ ఒక గణిత ప్రక్రియలో మరిగించి తీసిన 512 బిట్ల సంఖ్య అది. దానిని హాష్ అంటారు. లక్ష పంక్తులలో ఒక్క కామా మారినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. వేరే సరుకుతో అదే సంఖ్యను రాబట్టడం నేటి కంప్యూటర్ల శక్తికి అసాధ్యం. దించుకున్న ప్యాకేజీ వేలిముద్ర, ఫైలులోని వేలిముద్ర కలవకపోతే నిర్మాణం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడమే దాని గొప్పతనం.

ఇది ఎందుకు అవసరమో చెప్పే కథలు చాలా ఉన్నాయి. అందరూ చెప్పుకునేది 2016 మార్చి 22 నాటి ఉదంతం. అజెర్ కొచులు అనే ప్రోగ్రామర్‌కు, ఒక ప్యాకేజీ పేరు విషయంలో కిక్ అనే సంస్థతో తగాదా వచ్చింది. ఎన్‌పీఎం నిర్వాహకులు ఆ పేరును సంస్థకు అప్పగించారు. ఆయనకు కోపం వచ్చి, తాను రాసిన ప్యాకేజీలన్నిటినీ భాండాగారం నుంచి తొలగించారు. వాటిలో లెఫ్ట్-ప్యాడ్ ఒకటి. దాని పొడవు 11 పంక్తులు. అంకెకో మాటకో ఎడమ వైపున ఖాళీలు చేర్చి వెడల్పు సరిచేయడం మాత్రమే దాని పని. అయితే దానిని ఒకరు వాడారు, వారిని మరొకరు వాడారు. చివరకు బేబెల్ వంటి మహావృక్షాల వేరులో అది కూర్చున్నది. క్షణాలలో ప్రపంచమంతటా సైట్ల నిర్మాణాలు ఆగిపోయాయి. కొన్ని గంటలలోపే నిర్వాహకులు ఆ పదకొండు పంక్తులను తిరిగి నిలబెట్టారు. ఆ తరువాత, ఇతరులు ఆధారపడిన ప్యాకేజీలను ఇష్టం వచ్చినట్లు తొలగించే వీలు లేకుండా నియమాలు మార్చారు.

లాక్ ఫైలు ఉంటే లెఫ్ట్-ప్యాడ్ ప్రమాదం తప్పేదని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. చిరునామా ఎంత కచ్చితంగా రాసుకున్నా ఆ ఇల్లే కూల్చివేస్తే ఉత్తరం చేరదు. ఆనాడు ఇబ్బంది పడనివారు, దించుకున్న ప్యాకేజీల నకలును తమ వద్దనే దాచుకున్నవారు. తాళం ఒక రక్షణ, నకలు మరొక రక్షణ. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదనుకోవడం పొరపాటు.

తాళం నేరుగా కాపాడిన సందర్భాలు వేరే ఉన్నాయి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని దాని కర్త ఇక చూసుకోలేక, సాయం చేస్తానన్న అపరిచితునికి అప్పగించారు. ఆ వ్యక్తి ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే కొత్త చుట్టాన్ని దానికి తగిలించాడు. దాని పొట్టలో, ఒక బిట్‌కాయిన్ పర్సు నుంచి తాళాలు దొంగిలించే కోడ్ ఉన్నది. నవంబరులో ఆ గుట్టు రట్టయ్యే వరకు, టోపీ గుర్తును నమ్మి కొత్త వెర్షన్ తెచ్చుకున్నవారి ఇళ్లలోకి అది దర్జాగా నడిచి వెళ్లింది. 2022 జనవరిలో కలర్స్ అనే ప్యాకేజీ కర్త తన సొంత ప్యాకేజీనే కావాలని చెడగొట్టాడు. 2025 సెప్టెంబరు 8న మరొకటి జరిగింది. చాక్, డీబగ్ మొదలైన 18 ప్రసిద్ధ ప్యాకేజీలను చూసుకునే ఒక నిర్వాహకునికి, ఎన్‌పీఎం వారు పంపినట్లే ఉన్న దొంగ ఉత్తరం వచ్చింది. ఆయన ఖాతా దొంగల చేతికి చిక్కింది. కల్తీ వెర్షన్లు భాండాగారంలో ఉన్నది గంటల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో లాక్ ఫైలు ప్రకారం నిర్మించుకున్నవారికి పాత, మంచి వెర్షన్లే వచ్చాయి.

మళ్లీ ఆ సంఘం వెబ్‌సైటు దగ్గరకు వద్దాం. అక్కడ లాక్ ఫైలు లేదు. వేల పంక్తులున్న, కంప్యూటర్ తనంతట తాను రాసిన ఫైలు చూసి, చెత్త అనుకుని దాచకుండా వదిలివేయడం కొత్తవారు తరచుగా చేసే పని. అయినా దారి మూసుకుపోలేదు. ఎన్‌పీఎంలో పాత వెర్షన్లు, విడుదల తేదీలతో సహా భద్రంగా ఉంటాయి. ఫలానా తేదీ నాటికి ఉన్న వెర్షన్లే తెమ్మని ఎన్‌పీఎంను ఆదేశించవచ్చు. సైటును చివరిసారి నిర్మించిన తేదీ ఫైళ్ల చరిత్రలో దొరుకుతుంది. ఆ తేదీ చెప్పి తెప్పిస్తే ఐదేళ్ల నాటి కలయిక చాలావరకు తిరిగి వస్తుంది.

అది వచ్చినా ఎర్ర అక్షరాలు పోకపోవచ్చు. ప్యాకేజీల కింద ఇంకొక అంతస్తు ఉన్నది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను నడిపేది నోడ్ అనే ఇంజను. 2021 అక్టోబరులో వచ్చిన నోడ్ 17వ వెర్షన్‌లో, రహస్య లిపులకు సంబంధించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భాగం మూడో వెర్షన్‌కు మారింది. ఆ మార్పులో ఎండీ4 అనే పాత హాష్ పద్ధతిని మూలన పెట్టారు. 1990లో రూపొందిన ఆ పద్ధతిని ఛేదించడం ఎప్పుడో సాధ్యమైంది కనుక భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే. కానీ సైట్ల నిర్మాణంలో విరివిగా వాడిన వెబ్‌ప్యాక్ నాలుగో వెర్షన్, ఆ పద్ధతిని రహస్యాల కోసం కాక, ఫైళ్లకు లోపల పేర్లు పెట్టుకోవడానికి వాడుతున్నది. ఫలితంగా లాక్ ఫైలు చెక్కు చెదరకుండా ఉన్న వేలాది సైట్లు కూడా ఒక్క ఉదయాన నిర్మాణం కాకుండా పోయాయి. తెర మీద కనిపించే సందేశం ‘ఎన్వలప్’ అనీ ‘అన్‌సపోర్టెడ్’ అనీ ఉంటుంది కానీ, చదివినవారికి అసలు కారణం ఊహకందదు. ప్యాకేజీల తాళంతో పాటు ఇంజను వెర్షన్ ఏదో కూడా రాసి ఉంచాలని అనేకులకు ఆ నాడు తెలిసివచ్చింది. నోడ్ పాత వెర్షన్లు నేటికీ దొరుకుతాయి. సైటు కట్టిన నాటి వెర్షన్ తెచ్చి పెడితే ఎర్ర అక్షరాలు మాయమవుతాయి.

ఇంజను కింద ఆపరేటింగ్ సిస్టం, దాని కింద మరికొన్ని ఉన్నాయి. ఎంతవరకు తాళాలు వేయాలి? ఈ ప్రశ్నను చివరంటా తరిమినవారు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్కో డోల్‌స్ట్రా. ఆయన 2003లో మొదలుపెట్టిన నిక్స్ అనే వ్యవస్థలో ప్రతి ప్యాకేజీకీ, దాని తయారీకి వాడిన సామగ్రి మొత్తాన్ని బట్టి లెక్కకట్టిన వేలిముద్రే పేరులో భాగం. కంపైలరు మారితే పేరు మారుతుంది. కంపైలరును తయారుచేసిన కంపైలరు మారినా మారుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే కాపురం చేస్తాయి, తగవు లేదు. 2006లో ఆయన డాక్టరేటు సిద్ధాంత వ్యాసం ఇదే విషయం మీద వెలువడింది. చూడడానికి ఇంతకన్నా అందమైన పరిష్కారం మరొకటి లేదు. నేర్చుకోవడానికి ఇంతకన్నా మొండి సాధనం కూడా అరుదు. సంఘం వెబ్‌సైటుకు అంత పటాలం అక్కరలేదు. దానికి బదులు, ఆధారాలు తక్కువ ఉన్న సాధనం ఎంచుకోవడం వివేకం. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా ప్రారంభించిన హ్యూగో ఒకే ఒక ఫైలుగా దొరికే ప్రోగ్రాము. ఆ ఒక్క ఫైలును సైటుతో పాటు దాచుకుంటే ఇంజనూ ప్యాకేజీలూ అన్నీ దాచుకున్నట్లే.

తాళం వేసినంత మాత్రాన తాళం ప్రకారం నడుచుకున్నట్లు కాదు. ప్యాకేజీలు తెచ్చే మామూలు ఆజ్ఞ, పట్టికకూ లాక్ ఫైలుకూ తేడా కనిపిస్తే లాక్ ఫైలునే సవరించి ఊరుకుంటుంది. సర్వర్ మీదికి చేర్చబోయే నిర్మాణానికి ఎన్‌పీఎంలో ‘సీఐ’ అనే వేరే ఆజ్ఞ ఉన్నది. 2018లో వచ్చిన ఈ ఆజ్ఞ, అంతకు ముందున్న ప్యాకేజీలన్నిటినీ ఊడ్చి పారేసి, లాక్ ఫైలులో ఉన్నవాటినే తెస్తుంది. తేడా ఉంటే తప్పు చెప్పి నిలిచిపోతుంది. నిర్మాణం ఎవరి లాప్‌టాప్ మీదో కాక, ప్రతిసారీ శుభ్రంగా కడిగిన కొత్త యంత్రం మీద జరిగితే మరీ మంచిది. ఈ సేవను కొన్ని కంపెనీలు చిన్న సైట్లకు ఉచితంగానే అందిస్తున్నాయి. తయారైన పుటలను సర్వర్‌కు చేర్చేటప్పుడు ఒక్కొక్క ఫైలును పాతదాని మీద రుద్దకూడదు. మధ్యలో వచ్చిన పాఠకునికి కొత్త పుటకు పాత రంగులు అంటుకుని కనిపిస్తాయి. కొత్త పుటలన్నిటినీ వేరే అరలో పేర్చి, అన్నీ చేరాక ఒక్కసారిగా ద్వారం అటు తిప్పాలి. పాత అరను అలాగే ఉంచితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ద్వారం మళ్లీ ఇటు తిప్పడం ఒక్క క్షణం పని.

ఏళ్ల తరబడి తాళం తీయకుండా ఉంచడం కూడా క్షేమం కాదు. పాత ప్యాకేజీలలో బయటపడిన లోపాలు అలాగే ఉండిపోతాయి. పదేళ్ల దూరాన్ని ఒక్క అంగలో దాటాలంటే నడుము విరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు, పని ఒత్తిడి లేని రోజుల్లో, తాళం తీసి వెర్షన్లు పెంచి, సైటు చూసుకుని మళ్లీ తాళం వేయడం మధ్యేమార్గం. సంక్రాంతి ముందు రోజు రాత్రి మాత్రం ఆ పనికి పూనుకోకూడదు.

తెలుగు సైట్లకు మరొక ఆధారం కూడా ఉన్నది. అది ఏ లాక్ ఫైలులోనూ నమోదు కాదు: ఫాంటు. 1990లలో తెలుగు పుటలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు కొందరు రోమను లిపిలో రాశారు, కొందరు అక్షరాలను బొమ్మలుగా పెట్టారు, పత్రికలవారు తమ తమ సొంత ఫాంట్లు తయారుచేసుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను కూర్చిన ఆ ఫాంట్లు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. పాఠకుడు ఆ పత్రిక ఫాంటును దించుకుంటే తెలుగు కనిపించేది, లేకుంటే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపించేది. ఆ ఫాంటు దొరకని నాడు ఆ పుటలు ఉండీ లేనట్లే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాలు కేటాయించినా, 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేవరకు సామాన్యుల కంప్యూటర్లలో అది వాడుకలోకి రాలేదు. పాత ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి పద్మ వంటి సాధనాలను ఔత్సాహికులు రాయవలసి వచ్చింది.

నేడు మండలి, రామభద్ర, సూరన్న వంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. చాలా సైట్లు వాటిని గూగుల్ సర్వర్ నుంచి అప్పటికప్పుడు తెప్పించుకుంటాయి. అటువంటప్పుడు పుట మన సర్వర్‌లో ఉన్నా, అక్షరం పరుల సర్వర్‌లో ఉన్నట్లు. అక్కడ ఫాంటు కొత్త వెర్షన్‌కు మారితే ఒత్తుల అమరిక, పంక్తుల ఎత్తు చెప్పకుండా మారవచ్చు. యూరపులో ఉన్న సంఘాలకు ఇందులో చట్టం చిక్కు కూడా ఉన్నది. పాఠకుని కంప్యూటర్ చిరునామా అతని అనుమతి లేకుండా గూగుల్‌కు చేరుతోందని 2022 జనవరిలో మ్యూనిక్ న్యాయస్థానం ఒకటి తప్పు పట్టి, ఒక సైటు నిర్వాహకునిపై 100 యూరోల పరిహారం విధించింది. ఈ ఫాంట్ల లైసెన్సు నకలు తీసుకుని వాడుకోవడానికి అనుమతిస్తుంది. ఒక్కొక్కటి కొన్ని వందల కిలోబైట్లకు మించదు. కనుక ఫాంటు ఫైలును కూడా లాక్ ఫైలు పక్కనే, సైటు అరలోనే పెట్టుకోవచ్చు. కార్యవర్గం మారిన రోజున బ్యాంకు పుస్తకం, రసీదుల కట్టలతో పాటు కొత్తవారికి అప్పగించవలసిన జాబితాలో అప్పుడు నాలుగే ఉంటాయి: సైటు పేరు రిజిస్ట్రేషను సంఘం పేరు మీదే ఉన్నట్లు కాగితం, పాఠం ఫైళ్లూ లాక్ ఫైలూ ఫాంట్లూ ఉన్న అర, ఇంజను వెర్షన్ రాసిన చీటీ, చివరిసారి తయారైన పుటల నకలు.